సైలెన్సర్ మార్పిడికి పెట్టే ఖర్చు సమంజసమేనా?

ప్రశ్న

నాది ఒకే సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి. ఇంజిన్ నుంచి పొగను తీసుకొచ్చే బెండ్ పైప్‌ను అలాగే ఉంచి, చివరనున్న సైలెన్సర్‌ను మాత్రం తీసి, దాని స్థానంలో స్లిప్-ఆన్ అనే వేరే సైలెన్సర్ బిగించుకోవాలని ఆలోచిస్తున్నాను. పికప్ పెరుగుతుందని కొందరు, శబ్దం తప్ప ఏమీ పెరగదని మరికొందరు చెబుతున్నారు. బండి రోజువారీ ప్రయాణాలకే తప్ప పందేలకు కాదు. ఇంత ఖర్చు చేయడం తగునా?

అనుకూల వాదన

తగునని నా అభిప్రాయం. తయారీదారులు సైలెన్సర్‌ను శబ్ద, కాలుష్య పరిమితులకు లోబడి రూపొందిస్తారు గనుక ఇంజిన్ సత్తా కొంత లోపలే ఉండిపోతుంది. బరువు కూడా తగ్గుతుంది: ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.9 గ్రాములైతే టైటానియంది 4.5 మాత్రమే. ఇక రోజూ ఎక్కే బండి స్వరం చెవికి ఇంపుగా ఉండాలని కోరుకోవడం తప్పేమీ కాదు.

ప్రతివాదన

స్వరం నచ్చి మార్చుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. పికప్ కోసమైతే మాత్రం లెక్క వేసి చూడాలి. బండి, నడిపేవారు కలిపి 220 కిలోలనుకుంటే, 2 కిలోలు తగ్గినా అది ఒక శాతం కంటే తక్కువే.

శక్తి విషయానికి వస్తే, నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే బయలుదేరిన పీడన తరంగం, పైపు వెడల్పయ్యే చోట అల్పపీడన తరంగంగా మారి వెనక్కి వస్తుంది. మిశ్రమం లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు రెండూ కలిసి తెరిచి ఉండే ఆ కాస్త వ్యవధిలో అది వాల్వు దగ్గరికి చేరితే, మిగిలిపోయిన పొగను లాగివేసి కొత్త మిశ్రమానికి చోటు కల్పిస్తుంది. ఈ సమయాన్ని ప్రధానంగా నిర్ణయించేవి బెండ్ పైప్ పొడవు, వ్యాసం. వాటిని మీరు ముట్టుకోవడమే లేదు. పోనీ దాన్ని కూడా మార్చి మరీ లావు పైపు వేస్తే, వాయువుల వేగం పడిపోయి, మనం ఎక్కువగా వాడే మధ్య ఆర్‌పీఎంలలోనే (ఇంజిన్ తిరిగే వేగాలలోనే) లాగుడు తగ్గవచ్చు. బ్యాక్ ప్రెషర్ (పొగ బయటికి పోకుండా పైపులో ఎదురయ్యే ఒత్తిడి) లేకపోతే ఇంజిన్ నడవదన్న అపోహకు మూలం ఈ అనుభవమేనని నేననుకుంటాను.

పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యమైనది. నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సర్ సాయంతో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7:1 దగ్గర సరిచేసుకుంటూ ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం సాధారణంగా ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ముందే రాసిపెట్టిన పట్టికను, అంటే మ్యాప్‌నే అనుసరిస్తుంది. గరిష్ఠ శక్తి దాదాపు 13:1 దగ్గర వస్తుంది కాబట్టి, గాలి పెరిగి పెట్రోలు పెరగని మిశ్రమం లీన్ అయి, మీరు ఆశించిన లాభాన్ని తానే హరిస్తుంది. మ్యాప్ మార్పించే ఖర్చును కూడా కలిపి చూసుకోండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పటపట శబ్దాన్ని చాలామంది బలానికి గుర్తుగా భావిస్తారు గాని, తరచుగా అది జాయింట్ దగ్గర గాలి చొరబడి, కాలకుండా మిగిలిన పెట్రోలు పైపులో మండటం వల్ల వచ్చేది.

పికప్ మాత్రమే కావాలంటే వెనుక స్ప్రాకెట్‌ను (చెయిన్ తిరిగే పళ్ల చక్రాన్ని) 42 పళ్ల నుంచి 44కు మార్చండి. ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు సుమారు 4.8 శాతం పెరుగుతుంది. అదే వేగానికి ఇంజిన్ కొంచెం ఎక్కువగా తిరుగుతుంది, మైలేజ్ కాస్త తగ్గుతుంది. అయినా ఖర్చు, ఫలితం పోల్చి చూస్తే ఇదే మేలు.

అనుకూల వాదన

చిన్న ఇంజిన్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే ఎక్కువ సిలిండర్లున్న పెద్ద బండికి బెండ్ పైప్ మొదలు చివరి వరకు మార్చి, మ్యాప్ కూడా రాయించి, ట్రాక్‌పై నడిపేవారికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. పాత సైలెన్సర్ తుప్పు పట్టి ఎలాగూ కొత్తది కొనవలసి వచ్చినవారి లెక్క కూడా వేరు. మరొక మాట: శబ్దం ఉంటే ఎదుటివారికి మన ఉనికి తెలుస్తుంది, అది భద్రత.

ప్రతివాదన

మొదటి రెండింటినీ అంగీకరిస్తాను, మూడవదాన్ని అంగీకరించలేను. 1981లో అమెరికాలో వెలువడిన హర్ట్ నివేదిక ప్రకారం మోటార్‌సైకిల్ ప్రమాదాలలో నాలుగింట మూడు వంతులకు పైగా ముప్పు ఎదురుగానే, అంటే నేరుగా ముందుకు చూసే దిశకు ఇరువైపులా 45 డిగ్రీల లోపలే ఉంటుంది. సైలెన్సర్ నోరు ఉండేది వెనక్కి. ముందున్న కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నవారికి మన శబ్దం అందేసరికి ఆలస్యమైపోతుంది. అందాకా దాన్ని భరించేది ఇరుగుపొరుగువారు, వారిలోని పసిపిల్లలు, వృద్ధులు. దీనిని భద్రత పేరుతో సమర్థించడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు గమనించవలసినది ఇంకొకటి ఉంది. కొన్ని బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్ లోపలే ఉంటుంది. అలాంటిదాన్ని తీసివేస్తే కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని హైడ్రోకార్బన్లు శుద్ధి కాకుండానే గాలిలో కలుస్తాయి. అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూడండి. అమ్మేవారు శక్తి పెరుగుతుందంటే, ఒకే రోజు, ఒకే డైనోపై (శక్తిని కొలిచే యంత్రంపై), మీ మోడల్ బండికే మార్పుకు ముందూ తర్వాతా తీసిన రెండు గ్రాఫులు చూపించమనండి.

ప్రశ్న అడిగినవారు

మాన్యువల్ చూశాను, నా బండిలో కన్వర్టర్ సైలెన్సర్ లోపలే ఉంది. కాబట్టి దాని జోలికి వెళ్లను. 44 పళ్ల స్ప్రాకెట్‌కు ఇప్పుడున్న చెయిన్ పొడవు సరిపోతుందో లేదో మెకానిక్‌ను అడిగి, ముందు ఆ పని చేయిస్తాను.