నాటు లేకుండా నీళ్లలోనే వడ్లు చల్లే ఇటలీ పద్ధతి మన ఆయకట్టుకు నప్పుతదా?

మిర్యాలగూడ రైతు:
నాట్ల కూలి భరించలేక సాగర్ ఎడమ కాల్వ కింద వెదజల్లుడు పెరుగుతున్నది. ఉత్తర ఇటలీలో, పో నది మైదానంలో, నిండు మడిలోనే వడ్లు చల్లుతరట. మొలక మురిగిపోదా? కలుపు సంగతేంది?

హాలియా ఆయకట్టు:
వెర్చెల్లి, నొవారా వైపు పద్ధతి అది. వడ్లు నానబెట్టి, ఏప్రిల్, మే నెలల్లో 5–10 సెం.మీ. నీళ్లున్న మడిలో చల్లుతరు. నానిన గింజ బరువుకు అడుగుకు దిగుతది. మొలకెత్తినంక కొన్ని రోజులు మడి ఆరగట్టి, వేరు మట్టిని పట్టినంక మళ్లీ నీళ్లు పెడతరు. ఆరగట్టుడు ఆలస్యమైతే పాచి పట్టి, గాలికి మొలకలు లేచి ఒడ్డుకు చేరతయి. లేజర్ చదును లేకుంటే ఈ పద్ధతే నడవదు. పల్లం కాడ మొలక చస్తది, మెరక మీద ఊద గడ్డి లేస్తది.

వాళ్ల విత్తన మోతాదు మాత్రం మనకొద్దు. హెక్టారుకు 150–200 కిలోలు, ఎకరానికి 60–80 పడుతది. వాళ్ల రకాలు పిలకలు తక్కువ పెడతయి. మన రకాలు అంత ఒత్తుగా వస్తే అగ్గితెగులు, ఆపైన చేను పడిపోవుడు.

నాగర్‌కర్నూల్ వ్యవసాయం:
అన్నా, అక్కడ నీళ్లు నిలిపేది చలి కోసం కూడా. 45 డిగ్రీల అక్షాంశం, ఏడాదికి ఒకటే పంట. పగలు వేడెక్కిన నీళ్లు రాత్రి మొక్కను కాస్తయి. జులైలో చిరుపొట్ట దశకు చల్లని రాత్రులొస్తే పుప్పొడి చెడి తాలు పడుతది. అప్పుడు మట్టాన్ని 15–20 సెం.మీ.కు పెంచుతరు, ఎందుకంటే పిల్లకంకి ఇంకా కాడ కిందిభాగంలోనే ఉంటది. మనకు చలి దెబ్బ యాసంగి నారుమడికి. రాత్రి పాలిథిన్ కప్పాలె, పొద్దున చల్లబడ్డ నీళ్లు తీసి కొత్తవి పెట్టాలె.

నీళ్లకు వాళ్లకు ఆల్ప్స్ మంచు ఆసరా. 1866లో తెరిచిన కవూర్ కాల్వ కియవాస్సో దగ్గర పో నీళ్లు పట్టి, దాదాపు 85 కి.మీ. తూర్పుకు తిచినో నది దాకా పోతది. పైమడుల్లో ఇంకిన నీళ్లు ఊటలై కిందిమడులకు మళ్లీ అందుతయి. ఈ మధ్య పొడి దుక్కిలో విత్తి నెల తర్వాత నీళ్లు పెట్టేటోళ్లు పెరిగిన్రు. దాంతో వసంతంలో ఇంకుడు తగ్గి, జూన్‌లో వరికి, మక్కకు ఒకేసారి నీళ్లు కావాల్సొస్తున్నది.

మిర్యాలగూడ రైతు:
సరే అన్నా, మరి కలుపు?

హాలియా ఆయకట్టు:
అక్కడ అసలు శత్రువు ఎర్ర గింజ కేళీలే, అంటే వరి లెక్కనే ఉండే కలుపు వరి. కోతకు ముందే రాలి భూమిలో దాక్కుంటయి. విత్తే ముందు మడి తడిపి, అవి మొలిచినంక చంపి, అప్పుడు వడ్లు చల్లుతరు. కలుపు మందును తట్టుకునే క్లియర్‌ఫీల్డ్ వరి రకాలు 2006లో అక్కడికి వచ్చినయి. వరుసగా వేసినచోట అదే మందుకు చావని కేళీలు తయారైనయి.

మీరు తొలకరికి మడి తడిపి 15–20 రోజులు ఆగి, మొలిచినదాన్ని పైపైన దున్ని చంపండి. లోతు దున్నితే అడుగునున్న కలుపు గింజ మళ్లా పైకొస్తది.