నా కృపావరం ఏదో ఎలా తెలుస్తుంది? అనుభవమున్నవాళ్లు చెప్పండి

అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె, చిన్న సంఘం (చర్చి). ఇకనుంచి ఎవరి వరాన్ని, అంటే దేవుని ఆత్మ ఇచ్చిన సామర్థ్యాన్ని, బట్టి వాళ్లు పరిచర్య (సంఘంలో సేవ) తీసుకోవాలని పాస్టర్ గారు చెప్పారు. నాకు పాట రాదు, నలుగురిలో ప్రార్థన చేయమంటేనే గొంతు ఆరిపోతుంది. భాషల వరం, అంటే ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడడం, నాకు లేదు. అది లేకపోతే పరిశుద్ధాత్మ లేనట్టేనని ఒక అక్క అనేసరికి టెన్షన్ పట్టుకుంది. మరి బైబిల్లో 1 కొరింథీ 12:30లో అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అనే కదా పౌలు అడిగింది?

నేను చేసేదల్లా, ఎవరికైనా పానం బాగలేకపోతే నల్లగొండ పెద్ద దవాఖానకు తోడు పోవడం. ఓపీ చీటీ రాయించి, లైన్లో నిలబడి, గోలీల అట్టల మీద పెన్నుతో పొద్దటివాటికి సూర్యుడు, రాత్రివాటికి చంద్రుడు గీసిస్తాను. మా ముసలమ్మలకు చదువు రాదు మరి. రోమా 12:8లో కరుణించడం, 1 కొరింథీ 12:28లో ఉపకారాలు చేయడం కూడా వరాల్లోనే ఉన్నాయి. నాది అదేనా, లేక ఉత్త స్వభావమా? రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

మన వరం ఏదో చెప్పే ఆన్‌లైన్ పరీక్షలు రాసి చూశాను, ఒక్కోటి ఒక్కోలా చెబుతోంది. వాటి మీద నాకు నమ్మకం లేదు. పాస్టర్ గారేమో సండే స్కూల్ చూసుకోమంటున్నారు. కొన్నాళ్లు చేసి చూడాలా, లేక నాకు ఈ దవాఖాన పనే అప్పగించమని అడగొచ్చా?