పలాస జీడి ఫ్యాక్టరీలకు మన కాలేజీలు ముందు ఏం చేయాలి: గ్రేడింగ్ రోబోనా, కటింగ్ బల్లా?

పలాస అమ్మాయి:
అందరికీ నమస్కారం. విజయనగరంలో మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. మాది పలాస దగ్గర ఊరు. మా బ్యాచ్ ప్రాజెక్టుకి జీడిపప్పు గ్రేడింగ్ రోబో తీసుకుంది. బెల్టు మీద పప్పు వెళ్తుంటే కెమెరా చూసి గుండు, బద్ద, ముక్క, మచ్చ అని తేలుస్తుంది. రోబో చెయ్యి దేని ట్రేలో దాన్ని వేస్తుంది. గైడ్ గారికి బాగా నచ్చింది, పేపరు కూడా వేయొచ్చంటున్నారు. బ్యాచ్‌లో నేనొక్కదాన్నే వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను, మీరేమంటారో చెప్పండి.

జీడి పని చూడనివాళ్ల కోసం కొంచెం వివరం. పిక్కల్ని ముందు ఆవిరి మీద ఉడికిస్తారు. ఆరాక కటింగ్ బల్ల దగ్గర ఒక్కో పిక్కా తీసి బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, చేత్తో లివర్ తిప్పి పెంకు విడదీస్తారు. తర్వాత పప్పు ఎండబెట్టడం, ఎర్ర పొట్టు తీయడం, ఆఖర్న గ్రేడింగ్. వీటన్నిట్లో ఒళ్లు పాడయ్యేది కటింగ్ దగ్గరే. పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, అవి చర్మాన్ని కాల్చేస్తాయి. మా పిన్ని చేసేది ఆ పనే. వేళ్లకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు, అయినా తోలు ఊడుతూనే ఉంటుంది.

గ్లౌజులు ఇస్తే వేసుకోరు, అలవాటు లేదు అని సూపర్‌వైజర్లు అంటారు. కారణం అలవాటు కాదు. కూలి కిలోల లెక్కన ఇస్తారు. గ్లౌజు తొడిగితే పిక్క వంపు వేలికి తెలియదు, చెయ్యి నెమ్మదిస్తుంది, పప్పు విరుగుతుంది, సాయంత్రానికి తూకం తగ్గుతుంది. అంటే ఆ గ్లౌజు ఖరీదు పిన్ని కూలిలోంచి పోతోంది. పలచటి గ్లౌజు ఒక్కటే చేసిస్తే చాలదు, కూలి లెక్క ఒక్కటే మార్చినా చాలదు. మెకానికల్ వాళ్లూ ఎంబీఏ వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చూడాల్సిన పని ఇది. ఇప్పటివరకు మా కాలేజీలో ఎవరూ ముట్టుకోలేదు.

గ్రేడింగ్ సంగతి వేరు. రంగు చూసి పప్పు వేరుచేసే కలర్ సార్టర్లు బజారులో దొరుకుతున్నాయి, డబ్బున్న యూనిట్లు కొంటున్నాయి. మేం చేసేది వాటికంటే నెమ్మదైన నకలు అవుతుంది. పైగా గ్రేడింగు చేతులు కాలని పని. కటింగ్‌లో నడుము పోయిన ఆడవాళ్లు చివరికి వచ్చి కూర్చునేది అక్కడే. వాళ్ల చోటు తీసేసే యంత్రం మీద ఫైనలియర్ అంతా పెట్టడం నాకు న్యాయంగా లేదు.

కాశీబుగ్గ యూనిట్:
అమ్మా, చాలా ఏళ్లుగా చిన్న యూనిట్ నడుపుతున్నాను. నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ మా వైపు కూడా చూడాలి తల్లీ. కొత్తగా పనిలోకి వచ్చే ఆడపిల్లలు లేరు. చదువుకున్నవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై పోతున్నారు. గ్రేడింగ్ బల్ల దగ్గర ఉన్నవాళ్లందరికీ వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు ఉండాలి. 240 రకంలో 320 కలిస్తే కొన్నవాడు సరుకు తిప్పి పంపుతాడు, ఆ నష్టం ఎవరు భరిస్తారు?

ఒకప్పుడు పప్పు ఎగుమతిలో మన దేశమే ముందుండేది. 2006లో వియత్నాం మనల్ని దాటేసింది. ఒలిచే యంత్రాలు, పొట్టు తీసే యంత్రాలు వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నారు. మనం చేతి పని మీదే ఉండిపోయాం. కేరళ కొల్లంలో ఎన్ని జీడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయో చూడు. ఫ్యాక్టరీయే మూతపడితే మీ పిన్నిగారికి ఏ బల్లా మిగలదు. మన పిల్లలు తక్కువ ధరలో మిషను చేసిస్తే నాలాంటివాడు నిలబడతాడు. పెద్ద కంపెనీ సార్టరు నేను కొనగలిగింది కాదు.

రోబో టీమ్ నుంచి:
నేను ఆ బ్యాచ్‌లోనే ఉన్నాను. కెమెరాతో గుర్తుపట్టే విజన్, యంత్రాన్ని నడిపించే కంట్రోల్ నేర్చుకుంటేనే మాకు ఉద్యోగం. గ్లౌజు, కుర్చీ అంటే ఇంటర్వ్యూలో ఏం చెప్పుకోవాలి? పలాసని ఉద్ధరించే బాధ్యత నాలుగు క్రెడిట్ల ప్రాజెక్టు మీద పెట్టడం సరికాదు.

వజ్రపుకొత్తూరు రైతు:
ఇదంతా మా అబ్బాయి సదివి ఇనిపించినాడు. ఫ్యాక్టరీ గురించి మాటాడతన్నారు, పనోళ్ల గురించి మాటాడతన్నారు, మంచిదే. పిక్క పండించినోడు ఎక్కడున్నాడు బాబూ మీ మాటల్లో?

2018 అక్టోబరు 11న తెల్లారగట్ల తిత్లీ తుపాను ఒచ్చి ఉద్దానం అంతా పడగొట్టీసింది. జీడి పోనాది, కొబ్బరి పోనాది. మల్లా అంట్లు ఏసి ఇప్పుడిప్పుడే కాపు సూస్తన్నాం. పిక్కలు ఏరి ఎండబెట్టి 80 కేజీల బస్తా కట్టి తీసుకెల్తే, వ్యాపారి నాలుగు పిక్కలు కోసి సూసి సెమ్మంది, పప్పు సన్నం అనీసి రేటు కోసీస్తాడు. ఆఫ్రికా పిక్క ఒచ్చింది, నీది ఎవలిక్కావాలి అంటాడు. నా బస్తాలో పప్పెంతుందో నాకు తెల్దు, ఆడికి తెలుసు. రోబోలు సేసీ పిల్లలు నాకు దాన్ని తెలిసీటట్టు సేస్తే నాను దండం పెడతాను. మిగతా గొడవ నాకు తెల్దు.

టెక్కలి మాస్టారు:
ఈ ప్రశ్న కొత్తది కాదు. కాలిఫోర్నియాలో ఇదే విషయం మీద పదేళ్లు కోర్టులో నడిచింది. అక్కడి డేవిస్ విశ్వవిద్యాలయంలో జాక్ హన్నా అనే శాస్త్రవేత్త గట్టి తొక్క ఉండి, కాపంతా ఒక్కసారి పండే టమాటా రకం తీశాడు. కోబీ లోరెంజెన్ అనే ఇంజినీరు ఆ రకానికి సరిపోయే కోత యంత్రం చేశాడు. వ్యవసాయమూ ఇంజినీరింగూ కలిసి పనిచేస్తే ఎంత బలం ఉంటుందో అక్కడ చూడాలి. 1964లో మెక్సికో కూలీలను తెచ్చే పథకం ఆగిపోయింది. కొద్ది ఏళ్లలోనే యంత్రం రాష్ట్రమంతా పాకింది. ఫ్యాక్టరీలకు చవకగా టమాటా దొరికింది, పరిశ్రమ అక్కడే నిలబడింది. కాశీబుగ్గ ఆయన చెప్పే మాటకి అది బలమే.

రెండో వైపు కూడా చెప్పాలి. యంత్రం ఖరీదు పెద్ద కమతాలకే గిట్టింది. 1960ల మొదట్లో దాదాపు 4,000 మంది ఉన్న టమాటా రైతులు 1973 నాటికి 600 మందికి పడిపోయారు. కూలీల పనులు వేలల్లో పోయాయి. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం పెద్దవాళ్లకే మేలు చేసే పరిశోధన ఎలా చేస్తుందని చిన్న రైతుల సంఘమూ కూలీలూ 1979లో కేసు వేశారు. 1987లో కింది కోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 1989లో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

కోర్టులో ఎవరు గెలిచారన్నది అలా ఉంచి, నాకు పట్టింది ఇదీ: ఆ పరిశోధన మొదలుపెట్టేటప్పుడు కూలీలతో గానీ చిన్న రైతులతో గానీ కూర్చుని మాట్లాడే ఏర్పాటే లేదు. మా నైరా వ్యవసాయ కళాశాల, రాగోలు పరిశోధన స్థానం, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ అన్నీ పలాసకి రెండు మూడు గంటల లోపే ఉన్నాయి. రాగోలువాళ్లు శ్రీకాకుళం సన్నాలు వరి ఇచ్చారు, రైతు చేలో పెట్టి చూశాకే అది జనంలోకి వెళ్లింది. విత్తనానికి పొలంలో పరీక్ష తప్పనిసరి. యంత్రానికి మాత్రం ల్యాబ్‌లో వీడియో తీస్తే సరిపోతోంది. ఈ తేడా ఎందుకుండాలి?

సోంపేట సిస్టర్:
నేను నర్సుని. కటింగ్ వాళ్ల చేతులకి కట్లు కట్టినదాన్ని, కాబట్టి మాట్లాడే హక్కుందనుకుంటున్నాను.

ఎల్ సాల్వడార్‌లో చెరకు కొట్టే కూలీల మీద 2014, 15 సీజనులో ఒక పరిశోధన జరిగింది. ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం తగ్గించాలని చూశారు. వీపుకి తగిలించుకునే నీళ్ల సంచి ఇచ్చారు, చేలోకి మోసుకెళ్లే నీడ డేరాలు ఇచ్చారు, గంటల ప్రకారం విశ్రాంతి పెట్టారు. దాంతోపాటు కొట్టే కత్తి రూపం మార్చి తేలిక చేశారు. విశ్రాంతి ఇస్తే పని తగ్గుతుందని అందరం అనుకుంటాం. తగ్గలేదు. ఒక్కో మనిషి రోజుకి కొట్టే చెరకు 5 టన్నుల చిల్లర నుంచి 7 టన్నుల పైకి పెరిగింది.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, ఎండనీ ఆ జబ్బునీ ముడిపెట్టి ఎవరినీ భయపెట్టను. కానీ బాయిలర్ గది పక్కన, రేకుల షెడ్డులో, మే నెలలో, బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడమే మానేసే ఆడవాళ్లని చూశాను. కిలోల లెక్క కూలి కదా, లేస్తే పోతుంది. షెడ్డులో గాలి, నీళ్లు, లేచే వేళలు మార్చి పని తగ్గిందో పెరిగిందో కొలిస్తే అది పరిశోధన కాదా? ఆ టీమ్ బాబుకి చెప్తున్నాను. భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ ఉంది. వ్యవసాయ పనిముట్లు మనిషి ఒంటికి సరిపోతున్నాయా, ప్రమాదాలు ఎలా తగ్గించాలి అని దేశమంతా కలిసి చేసే పరిశోధన అక్కడి నుంచే నడుస్తుంది. ఇంజినీర్లు ఇదంతా ఎప్పటినుంచో చేస్తున్నారు నాయనా. ఇంటర్వ్యూలో తలెత్తుకుని చెప్పు.

కాశీబుగ్గ యూనిట్:
సిస్టర్ గారూ, చెరకు లెక్క బాగుంది, జీడికి అలాగే వస్తుందన్న భరోసా ఏది? నేను రోజు కూలి ఇచ్చి, లేచే వేళలు ఇచ్చి, తూకం తగ్గితే నా గతేంటి? బ్యాంకువాడు ఆగడు. పెద్ద యూనిట్ నెల నష్టం తట్టుకుంటుంది, నేను తట్టుకోలేను. పరిశోధన నష్టం కూడా నామీదే వేస్తే ఏ చిన్న యజమాని తలుపు తీస్తాడు?

పలాస అమ్మాయి:
బాబాయి గారూ, ఈ ప్రశ్న మీరు అడగడమే మంచిదైంది. జవాబు నా దగ్గర కొంతే ఉంది. ట్రయల్ జరిగినన్నాళ్లు ఆ బల్ల మీద వాళ్లకి అంతకుముందు నెల సగటు కూలి ఖాయంగా ఇవ్వాలి, తగ్గిన తూకం తేడా ప్రాజెక్టు నిధిలోంచి రావాలి. మా ప్రాజెక్టులకి మోటార్లకీ సెన్సార్లకీ డబ్బు అడిగితే ఇస్తారు. మనిషి కూలికి అడిగితే ఆ కాలమ్ ఫారంలోనే ఉండదు. ఈ వారం గైడ్ గారి దగ్గర ముందు ఇదే అడుగుతాను. ఇవ్వకపోతే ట్రయల్ మొదలుపెట్టను. పిన్ని కూలి పణంగా పెట్టి నేను ప్రాజెక్టు చేయను.

వియత్నాం మాటకి కూడా చెప్పాలి. వాళ్లు ముందు యంత్రం పెట్టింది ఒలుపు దగ్గర, పొట్టు దగ్గర. చేతులు కాలే చోట యంత్రం వస్తే నాకు ఒక్క అభ్యంతరం లేదు, రేపే రావాలి. చిన్న యూనిట్ కొనగలిగే ధరలో, కరెంటు పోయినా నడిచేలా, మన పిక్క సైజుకి బ్లేడు మార్చుకునేలా ఎవరైనా చేస్తే అది గొప్ప పని. మేం నలుగురం ఫైనలియర్‌లో పూర్తి చేయలేం గనుక బల్ల ఎత్తు, పెడల్ బిగువు, నూనె చిమ్మకుండా అడ్డురేకు, వేళ్ల కొసలకి మాత్రం తొడుగు వరకే అడుగుతున్నాను.

రైతు పెదనాన్న గారి మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. ఆయన అడిగింది వ్యాపారంలో అవుట్‌టర్న్ అనే లెక్క. కిలో నమూనా పిక్కలు కోసి, మంచి పప్పు పూర్తి బరువు, మచ్చపప్పు సగం బరువు కలిపి, 80 కిలోల బస్తాకి ఎంతవుతుందో చూస్తారు. కిలోకి 270 గ్రాములు వస్తే బస్తాకి 21.6 కిలోలు, అంటే సుమారు 47న్నర పౌన్లు. ఓడల్లో ఆఫ్రికా పిక్క కొనేటప్పుడు ఈ లెక్క రాసుకునే కొంటారు. మన రైతు దగ్గర మాత్రం నాలుగు పిక్కలు కోసి నోటిమాట. రోబో చెయ్యి తీసేసి, మా టీమ్ దగ్గరున్న కెమెరా, దానికింద ఒక తూకం, పక్కన తేమ మీటరు పెడితే, కోసిన పిక్కల్లో మంచిదెంతో, మచ్చదెంతో, పుచ్చుదెంతో చూపించి రైతుకి చీటీ ఇవ్వొచ్చు. విజన్ పని అదే, కోడ్ చాలావరకు అదే. మా వాడి ఇంటర్వ్యూకీ లోటుండదు.

వజ్రపుకొత్తూరు రైతు:
సీటీ ఇస్తే సరే తల్లీ. ఆ సీటీని వ్యాపారి ఒప్పుకోవాల గదా? మిషను ఆడి కొట్లో ఎడితే ఆడి మాటే సెప్తాది. రైతు సేవా కేంద్రంలోనో మా సంఘం కాడో ఎట్టాల. అది ముందు తేల్చండి, తర్వాత సెయ్యండి.

రోబో టీమ్ నుంచి:
కోసిన పిక్కల ఫొటోలు కావాలి. మచ్చపప్పు, పుచ్చు, సన్నపప్పు వేరుగా, ఒకే వెలుతురులో. పిక్కలు పెదనాన్న గారి ఊరి నుంచే తెస్తాం, వేరే ఊరివి కలిపితే తప్పుగా నేర్చుకుంటుంది. గ్రేడింగ్ మీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఇది మాత్రం చేస్తాను.

కాశీబుగ్గ యూనిట్:
నాదీ మారలేదు. ఇప్పుడు కాకపోయినా గ్రేడింగ్ మిషను రాక తప్పదు, వచ్చినప్పుడు దాని దగ్గర నిలబడి నడిపేది మా ఆడవాళ్లే అయ్యేలా ఇప్పుడే నేర్పిద్దామన్నది నా మాట. అమ్మాయ్, కూలి తేడా మీ కాలేజీ కాగితం మీద రాసిస్తే రెండు కటింగ్ బల్లలు ఇస్తాను. ఎవరు కూర్చోవాలో నేను చెప్పను, వాళ్లనే అడుగు. సీజను తగ్గాక రా, ఏప్రిల్, మే నెలల్లో మాకు ఊపిరాడదు.

సోంపేట సిస్టర్:
సీజను తగ్గాక చేస్తే ఎండ కూడా తగ్గిపోతుందండీ. బల్ల సంగతి అప్పుడు చూసినా, నీళ్లూ లేచే వేళల లెక్క మాత్రం మేలోనే తీయాలి. దానికి మీ బల్లలు ఆపక్కర్లేదు. ఒక గోడ గడియారం, తాగునీళ్ల క్యాన్లు, తలుపుకి గడియ ఉన్న బాత్రూమ్ చాలు. రోజువారీ తూకం మీ పుస్తకంలో ఎలాగూ ఉంటుంది.