అప్‌డేట్: మా బ్రూనో ఫిట్స్, మందుల ఖర్చు

మా కుక్క బ్రూనోకి ఫిట్స్ వస్తున్నాయి, జీవితాంతం మందులు వాడాలట, ఈ ఖర్చు ఎలా తట్టుకోవాలి అని ఇంతకుముందు అడిగాను కదా. "మీ లెక్క డాక్టర్ ముందే పెట్టండి" అన్న సలహా అన్నిటికంటే పనికొచ్చింది. నెలకు ఇంతకు మించి నావల్ల కాదని మొహమాటం లేకుండా చెప్పేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఏ పరీక్ష ఇప్పుడే తప్పదో, ఏది ఆగొచ్చో విడదీసి చెప్పారు. ఎంఆర్ఐ ప్రస్తుతానికి పక్కన పెట్టాం. రక్తపరీక్ష మాత్రం తప్పదు, ఫినోబార్బిటాల్ (వాడికి ఇస్తున్న ఫిట్స్ మందు) మోతాదు సరిపోతోందా, లివర్ బాగుందా అన్నది అందులోనే తెలుస్తుంది. మందు చీటీ రాయించుకుని జెనరిక్ తెచ్చుకుంటున్నాం. కంపెనీని మాటిమాటికీ మార్చొద్దన్నారు.

మొదట్లో తూలుతూ నడిచేవాడు, అది తగ్గింది. ఆకలి మాత్రం తగ్గలేదు. ఖాళీ గిన్నెను ముక్కుతో తోసుకుంటూ వంటింట్లోకి వచ్చేస్తాడు, అప్పుడే తిన్నా సరే!

డబ్బు మిగుల్తుందని డోసు తగ్గించి చూడమన్నారు ఒకరిద్దరు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా రావచ్చు. ఫిట్ 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో ఒకటికి మించి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆ ఎమర్జెన్సీ కోసమే నెలనెలా కొంత విడిగా దాస్తున్నాం.

ఫిట్స్ పూర్తిగా ఆగలేదు, కానీ బాగా ఎడం వచ్చింది. ఇన్సూరెన్స్ సంగతి అడిగినవాళ్లకు: ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా ఇవ్వరు, మాకూ ఇవ్వలేదు.