ఆల్‌టైమ్ బేస్‌బాల్ టీమ్‌లో క్యాచర్‌గా ఎవరిని పెట్టాలి?

మా ఆఫీసులో సరదాగా ఎవరి ఆల్‌టైమ్ బేస్‌బాల్ టీమ్ వాళ్లు రాస్తున్నాం. ఫస్ట్ బేస్‌లో వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన లూ గెహ్రిగ్, రైట్ ఫీల్డ్‌లో బేబ్ రూత్, సెంటర్‌లో విల్లీ మేస్. లెఫ్ట్‌లో టెడ్ విలియమ్స్. అందరికంటే ఎక్కువగా 762 హోమ్ రన్లు కొట్టింది బ్యారీ బాండ్సే అయినా ఆ స్టెరాయిడ్ల గొడవ నాకొద్దు.

చిక్కంతా క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) దగ్గరే. జానీ బెంచ్‌కి వరసగా 10 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు). కానీ 2024లో నీగ్రో లీగ్స్ (అప్పట్లో నల్లవాళ్లు ఆడిన వేరే లీగ్‌లు) లెక్కలు అమెరికా టాప్ లీగ్ అయిన మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, క్యాచర్ జాష్ గిబ్సన్ బ్యాటింగ్ సగటు .372, అంతవరకు టాప్‌లో ఉన్న టై కాబ్‌ని కూడా దాటింది. నల్లవాడని అతన్ని మేజర్ లీగ్‌లో ఆడనివ్వనే లేదు. లెక్కకొచ్చిన మ్యాచ్‌లు తక్కువని మా వాళ్ల వాదన. తెలిసినవాళ్లు చెప్పండి, మీరైతే ఎవర్ని తీసుకుంటారు, ఎందుకు? బెంచ్‌ని తప్పిస్తే డిఫెన్స్‌లో అంత నష్టమా?