సూర్యలంకలో తాబేలు పిల్లలను వదలడానికి హైదరాబాద్ నుంచి బస్సేసుకుని వెళ్లొచ్చా?

ప్రగతినగర్ అమ్మ

అందరికీ నమస్కారం. బాపట్ల దగ్గర సూర్యలంకలో సముద్ర తాబేలు పిల్లలను నీళ్లలోకి వదులుతున్న వీడియో ఒకటి మా అపార్ట్‌మెంట్ పిల్లలు చూశారు. అప్పటి నుంచి మనమూ వెళ్దామని ఒకటే పోరు. పెద్దవాళ్లకీ ఉత్సాహం వచ్చేసింది. మార్చిలో ఒక శనివారం రాత్రి బస్సు మాట్లాడుకుని బయలుదేరి, ఆదివారం పొద్దున పిల్లల చేత వదిలించి, రాత్రికల్లా ఇల్లు చేరాలని ఆలోచన. టీషర్టులు కొట్టించడానికి ఒకాయన డబ్బులిస్తానన్నారు.

నాకేమో లోపల అనుమానంగా ఉంది. ఇంతమందిమి వెళ్లి పడితే వాటికి మేలా, కీడా? నేను పుట్టి పెరిగింది నల్గొండ జిల్లాలో. సముద్రం చూసిందే పెళ్లయ్యాక. అక్కడి సంగతులు తెలిసినవాళ్లు చెప్తే వింటాను. ఆ టీషర్టుల డబ్బు ఇంకో దానికి వాడితే మంచిదంటే దానికీ సిద్ధమే. అసలు హైదరాబాద్‌లో ఉంటూ ఏమైనా చేయగలమా?

బీచ్‌రోడ్ వైజాగ్

ముందు ఒక మాట. మీరు వీడియోలో చూసిన సముద్ర తాబేలును ఆలివ్ రిడ్లే అంటారు. అది వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. అటవీ శాఖ వాళ్లు లేకుండా గుడ్లు గానీ పిల్లలను గానీ తాకకూడదు. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కాబట్టి అక్కడి అటవీ రేంజ్ ఆఫీసులో అడగకుండా బస్సుకు అడ్వాన్సు ఇవ్వకండి.

రెండోది, ఈ పనుల్లో జాలరులను పక్కన పెట్టి మాట్లాడొద్దు. 2021 డిసెంబరులో మా దగ్గర తంతడి తీరానికి పెద్ద తిమింగల సొర (వేల్ షార్క్) కొట్టుకొచ్చింది. అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు. ఒడ్డు గురించి వాళ్లకున్న అవగాహన మనకు రాదు.

ఓడరేవు కుర్రాడు, మియాపూర్

అక్కా, మాది చీరాల దగ్గర ఓడరేవు అనే ఊరు. ఇక్కడ మియాపూర్‌లో ఏసీలు బాగుచేసే పని చేస్తాను. నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు. చిన్నాన్న సీజన్‌లో తాబేలు గుడ్ల కాపలాకు వెళ్తాడు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడల్లా రాత్రిళ్లు ఆయన వెంట ఒడ్డున తిరుగుతాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మీరు వీడియోలో చూసింది ఆఖరి అయిదు నిమిషాలు. దాని ముందర చాలా కథ ఉంది. జనవరి నుంచి మార్చి దాకా తల్లి తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. అల తగలనంత ఎత్తుకు, సరుగుడు తోటల దాపుకు ఈడ్చుకుంటూ పోతాయి. వెనక కాళ్లతో మూరెడు లోతు గుంత తవ్వుతాయి. ఆ తవ్వకం చూసి తీరాలి. ఒక కాలు దోసిలిలా మడిచి ఇసుక పైకి తెచ్చి పక్కన పోస్తుంది, వెంటనే రెండో కాలు లోపలికి దిగుతుంది. వెనక్కి తిరిగి చూడకుండానే పనంతా. నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు అటొకసారి ఇటొకసారి ఎత్తి దబదబ కొట్టి గట్టిపరుస్తుంది. గంట గడిచేసరికి మళ్లీ సముద్రంలోకి.

ఆ తర్వాత మా చిన్నాన్న లాంటివాళ్ల పని మొదలవుతుంది. తెల్లారేలోపు కుక్కలో నక్కలో తవ్వేస్తాయి కాబట్టి జాడ చూసి, సన్న కర్రతో మెల్లగా గుచ్చి, మెత్తగా దిగిన చోట చేత్తో తవ్వుతారు. గుడ్లు కొన్ని గంటల్లోనే హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా గుడ్లను ఇసుకలో పూడ్చి కాపాడే చోటికి చేరాలి. ఆలస్యమైతే లోపల పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆపైన గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. అందుకే చిన్నాన్న గుడ్ల బకెట్టుతో బండెక్కడు. ఎంత దూరమైనా ఇసుకలో నడిచే వస్తాడు, బకెట్టు ఒళ్లో బిడ్డను పట్టుకున్నంత భద్రంగా పట్టుకుని. హేచరీలో అదే లోతున పూడ్చి, తేదీ, లెక్క రాసిన చీటీ గుచ్చుతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొస్తాయి, అదీ ఎక్కువగా ఇసుక చల్లబడిన రాత్రివేళ. ఫలానా ఆదివారం వస్తాయని ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తా. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంట్లో మిగిలిన సొనే బలం. ఆ బలంతో దాదాపు ఒక రోజు ఆగకుండా ఈది లోతు నీళ్లకు చేరుకోవాలి. టబ్బులో పెట్టి ఆపితే ఆ బలమంతా టబ్బు గోడలు గీకడానికే సరిపోతుంది. ఒకచోట అతిథులు రావాలని ఎండెక్కేదాకా ఆపడం నేను కళ్లారా చూశాను. ఆ పూట చిన్నాన్న అన్నం తినలేదు. బస్సు నిండా జనం వస్తున్నారంటే అలా ఆపమని ఒత్తిడి పడుతుంది అక్కా. రావాలనుంటే ఒకటి రెండు కుటుంబాలు రండి, తెల్లవారుజామునే రండి, తాబేలు పిల్లలుంటే చూడండి, లేకపోతే హేచరీ చూసి కాపలావాళ్లతో మాట్లాడి వెళ్లండి. ఫ్లాష్ కొట్టొద్దు, చేత్తో పట్టుకుని నీళ్లలో వేయొద్దు. ఇసుక మీద అవే నడవాలి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. చావులు ఎక్కువ ఒడ్డున కాదు, నీళ్లలో. వదిలిన పిల్లల్లో పెద్దదయ్యేది వెయ్యికి ఒకటి అని అంచనా. అలా పెరిగి, గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి వలలో చిక్కి చచ్చిపోతే దాని వెనకాల ఎన్ని వేల పిల్లల లెక్క పోయిందో చూడండి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మరబోట్ల ట్రాలు వల గంటల తరబడి నీళ్ల కింద లాగుతుంటే లోపల ఊపిరాడక పోతుంది. మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదని నిబంధన. దాన్ని గట్టిగా అమలు చేస్తే తాబేలుకీ మేలు, నాటు పడవలవాళ్లకీ మేలు. ట్రాలు వలకు కమ్మీల చట్రం బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న దారిలోంచి బయటపడుతుంది. చేపలూ బయటికి పోతాయన్న భయంతో చాలామంది బిగించరు. ఇక వేట నిషేధం చూస్తే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. తాబేళ్లు ఒడ్డుకొచ్చే జనవరి నుంచి మార్చి దాకా బోట్లన్నీ నీళ్లలోనే ఉంటాయి. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర నవంబరు నుంచి మే దాకా వేట ఆపుతారు.

నాన్న వలలో తాబేలు పడితే వల కోసి వదిలేస్తాడు. కూర్మావతారం అంటారు మా ఊళ్లో, చంపితే గంగమ్మ ఊరుకోదంటారు. కానీ ఆ తెగిన వలకు డబ్బు ఎవరిస్తారు? వారం కష్టం దాంట్లో పోతుంది. గుజరాత్‌లో తిమింగల సొరలను వల కోసి వదిలిన జాలరులకు అటవీ శాఖ వల ఖరీదు ఇస్తోంది. మహారాష్ట్రలో 2018లో తాబేళ్లు, ఇతర రక్షిత జీవులకు కూడా మొదలుపెట్టారు, 25,000 రూపాయల దాకా ఇస్తారు. తాబేలును ఇష్టపడేవాళ్లందరూ మన దగ్గరా అది కావాలని అడగాలి.

ఇంకొకటి. వలలో పైకొచ్చిన తాబేలు కదలకపోతే చచ్చిందనుకుని నీళ్లలో పడేస్తారు. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో పెట్టి, నీడలో తడి గోతం కప్పి ఉంచితే నీళ్లు కారిపోయి కొన్ని గంటలకు తేరుకుంటుంది. నాన్న బోటులో అలా తేరుకున్న తాబేలు మెడ ఎత్తి బుస్సుమని గాలి వదలడం చూశా. ఆ విషయం ప్రతి బోటులోనూ తెలియాలి.

వాడపల్లి బిడ్డ

అక్కా, మీది నల్గొండ అన్నరు కదా, మాది వాడపల్లి. మూసీ కృష్ణల కలిసేది మా ఊరి కాడనే. ఇక్కడ నగరంల నాలాలకేసిన కవర్లు, సీసాలు వానకాలంల మూసీ పట్టుకొని మా ఊరికొస్తయి. వరదొచ్చి బ్యారేజీ గేట్లు లేపితే ఆడికెళ్లి కృష్ణ సముద్రంల కలిసే హంసలదీవి దాంక పోతయి. తాబేలు కవర్‌ను చూసి జెల్లీఫిష్ అనుకొని మింగుతదంట. హైదరాబాద్‌ల ఉండి ఏం చేయాలె అంటే మీ ప్రగతినగర్ చెరువుల, నాలాల చెత్త పడకుంట చూసుడు కూడ సముద్రం పనే. పిల్లలకు గిది సమజయ్యేటట్టు చెప్పున్రి.

తార్నాక మాస్టారు

పిల్లలకు ఇంకో సంగతి చెప్పండి. మన తూర్పు తీరపు రిడ్లే తాబేళ్ల డీఎన్‌ఏను పరిశీలించింది హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనే. ప్రపంచంలో మిగతా చోట్ల ఉన్న రిడ్లేల కంటే ఇవి వేరైన, పాత వంశమని 2004లో ఆ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఇవి పోతే ఇంకో దేశం నుంచి తెచ్చి భర్తీ చేసుకోవడం కుదరదు. ఇక మీ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలరులకు సమాచారం వెళ్తుంది.

ప్రగతినగర్ అమ్మ

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. బస్సు మానేశాం. మా ఇంటివాళ్లం, పక్కింటివాళ్లం మాత్రం అటవీ శాఖవాళ్లను అడిగి వెళ్తాం. తమ్ముడూ, టీషర్టుల డబ్బు వలలకు ఇవ్వొచ్చా? ఎలా ఇవ్వాలి? వచ్చినప్పుడు గది ఎక్కడ తీసుకోమంటావు?

ఓడరేవు కుర్రాడు, మియాపూర్

ఇవ్వొచ్చక్కా. మనిషి చేతికి కాకుండా ఊళ్లోని మత్స్యకార సహకార సంఘం ద్వారా ఇవ్వండి. వల, దారం చీరాలలోనే దొరుకుతాయి, బిల్లు సంఘం పేరున తీసుకోమనండి. తాబేలును వదులుతున్న వీడియో, తెగిన వల ఫొటో చూపించినవాళ్లకు ఇద్దామని ముందే మాట అనుకోండి. నేను నాన్నతో, సంఘం పెద్దలతో మాట్లాడతా. చెన్నై ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు అటవీ శాఖతో కలిసి మన తీరంలో మత్స్యకార కుర్రాళ్లనే కాపలాకు పెట్టుకుంటున్నాయి, వాళ్లకిచ్చినా సరైన చోటికే చేరుతుంది.

గది ఎక్కడైనా తీసుకోండి గానీ, బుక్ చేసేటప్పుడు ఒకటి అడగండి. సీజన్‌లో రాత్రిళ్లు సముద్రం వైపు లైట్లు ఆపుతారా అని. తాబేలు పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. లైటు చూసి రోడ్డు మీదకొచ్చి టైర్ల కింద పడ్డవాటిని ఏరిన రోజులున్నాయి. మేం చెప్తే హోటళ్లవాళ్లు వినరు, హైదరాబాద్ కస్టమర్ అడిగితే వింటారు. కారు ఇసుకలోకి దించొద్దు. టార్చి తెస్తే ఎర్ర కాగితం చుట్టి తీసుకురండి. వచ్చే ముందు ఇక్కడ రాయండి, ఆ రాత్రి చిన్నాన్న డ్యూటీ ఎటువైపో కనుక్కుని చెప్తా.