ధైర్యం నేర్పేటప్పుడు సొంత కష్టాన్ని ఎంతవరకు చెప్పాలి?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి పరిసర గ్రామాల్లో తెలుగు మాట్లాడే పొదుపు సంఘాల అధ్యక్షురాళ్లకు నాయకత్వ శిక్షణ ఇస్తున్నాను. నెలకు రెండు శనివారాలు, ఒక్కో తరగతి 2 గంటలు, హాజరు 18 మంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున మా ఇల్లు కూలిపోయింది. ఆ తరువాత ఏడాది పాటు నలుగురిలో నోరు విప్పలేకపోయిన నేను, భయం పోయాక మాట్లాడటాన్ని కాక, భయం ఉండగానే మాట్లాడటాన్ని ధైర్యంగా నేర్పుతున్నాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. మొదట ఆ సంగతిని 20 నిమిషాలు చెప్పాను, అందరూ కంటతడి పెట్టుకుని, "మీ గుండె గట్టిది మాస్టారూ, మా వల్ల అవుతుందా?" అన్నారు. 5 నిమిషాలకు కుదించి తరగతి చివరికి జరిపినా ఫలితం మారలేదు. మూడు తరగతుల్లో పూర్తిగా మానేస్తే, "కష్టం ఎరగనివారు ఎన్నైనా చెబుతారు" అని వెనుక వరుసలో గుసగుసలు వినిపించాయి.

నేను అప్పగించిన పని చిన్నదే: సంఘం అప్పుపై వడ్డీ ఎలా లెక్కకట్టారో బ్యాంకులో అడగడం. నాలుగు నెలల్లో ఇద్దరే అడిగారు. ఒకావిడ కౌంటరు దాకా వెళ్లి, పాస్‌పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని తిరిగి వచ్చేసింది. ఒడియాలో అడగాలన్న బెరుకు కారణం కాదు. ఆ భాష నాకంటే వారికే బాగా వచ్చు.

వినేవారు నన్ను మెచ్చుకోవడంతో ఆగిపోకుండా తమ అడుగు తాము వేయాలంటే, సొంత కష్టాన్ని శిక్షణలో ఏ దశలో, ఏ మేరకు చెప్పాలి?